అబద్ధాల పీరియడ్

మా బడి పిల్లలు బంగారం. ఏం చెప్పినా వాళ్ళకి ఇట్టే అర్థమైపోద్ది. నా ఏడుపల్లా అదే.

నేనుండేది నందిగామలో. పొద్దున్నే బస్సెక్కి చిల్లకల్లులో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పత్తి చేల మధ్య ఒళ్ళు హూనం చేసుకుంటూ లోపలికెళ్తే మా బడి. రెండు గదులు, ఒక వరండా. హెచ్చెమ్ గారు ఒకటి, రెండు తరగతులు చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు నా నెత్తిన.

మా వృత్తిలో ఒక జబ్బుంది. ఏ ముక్క చెప్పినా చివర 'అర్థమైందా?' అంటాం. పిల్లలంతా మెడలు సాగదీసి 'అర్థమైందండీ...' అంటారు. అది వీధిలోకి వినపడాలి. వినపడితే టీచరు పాఠం చెబుతున్నట్టు. వినపడలేదో, ఎదురింటి పెద్దావిడ అరుగు మీంచే కేకేస్తది, 'ఏంటమ్మా, ఇయ్యాళ చదువు లేదా?' అని. ఆవిడ ఒక్క రోజు కూడా బడి ముఖం చూడలేదంట. మమ్మల్ని తనిఖీ చేసేది మాత్రం ఆవిడే.

ఇలా ఉండగా నందిగామలో మాకు ట్రైనింగు పెట్టారు. చిన్నపిల్లల్లో వినడం, మాట్లాడటం ఎలా పెంచాలి అనేది విషయం. చెప్పడానికొచ్చినాయన మంచివాడే పాపం. 'టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలు ఎక్కువ మాట్లాడాలి' అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా మైకు కింద పెట్టకుండా చెప్పాడు. నా పక్కన జగ్గయ్యపేట నుంచి వచ్చిన టీచరమ్మ ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తోంది. వెనక వరుసలో సార్లు స్థలాల రేట్లలో మునిగిపోయారు. చివర్లో ఆయన చెమట తుడుచుకుని 'అర్థమైందా?' అన్నాడు. హాలు హాలంతా 'అర్థమైందండీ!' అన్నాం. నేనూ అన్నా. అప్పటికి గంట నుంచీ నేను ఆలోచిస్తున్నది ఇంట్లో అయిపోవచ్చిన గ్యాస్ బండ గురించి.

తిరుగు బస్సులో కూర్చుంటే అదే చెవిలో గింగురుమంటోంది. మేమే ఇంతయితే మా పిల్లలు ఇంకెంతో, ఒకసారి చూడాల్సిందే అనుకున్నా.

మర్నాడు బోర్డు మీద ఆవు బొమ్మ వేసి, చాలా సీరియస్‌గా మొహం పెట్టి చెప్పా. 'ఆవుకి ఆరు కాళ్ళు. నాలుగు నడవడానికి, రెండు కూర్చోవడానికి. అర్థమైందా?'

'అర్థమైందండీ...'

'వంకాయలు మామిడిచెట్టుకి కాస్తాయి. ఎండాకాలం పుల్లగా ఉంటాయి. అర్థమైందా?'

'అర్థమైందండీ...'

ఇంట్లో ఆవులున్న పిల్లలండీ వీళ్ళు! పొద్దున్నే పేడ ఎత్తి బడికొచ్చిన పిల్లలు! ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంతలో ముందు బెంచీ మీది బుద్ధిమంతుడు చెయ్యెత్తాడు. హమ్మయ్య, ఒక్కడన్నా పట్టుకున్నాడనుకున్నా. వాడు లేచి, 'ఇంపార్టెంటా మేడం? రాసుకోమంటారా?' అన్నాడు.

అదిగో, ఆ రోజునుంచి మొదలెట్టా అబద్ధాల పీరియడ్.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, పిల్లలకి కళ్ళు మూతలు పడే వేళ. నేనేదో ఒకటి చెప్తా. కథ కావచ్చు, నా బస్సు ప్రయాణం కావచ్చు, మా ఇంట్లో కూర కావచ్చు. అందులో ఎక్కడో ఒక అబద్ధం దూరుస్తా. పట్టుకున్నవాళ్ళు గోల చెయ్యకూడదు. ఒక్కళ్ళే లేచి, చేతులు కట్టుకుని, 'అబద్ధమండీ' అని, ఎందుకబద్ధమో సొంత మాటల్లో చెప్పాలి. అందరూ కలిసి అరిచారా, ఆ అబద్ధం గెలిచినట్టు, నేను గెలిచినట్టు. 'అర్థమైందండీ' అన్నవాళ్ళకి ఆ రోజు వరండా ఊడ్చే పని.

మొదటి వారం నేనే గెలిచా. వరండా అద్దంలా మెరిసింది. తర్వాత మెల్లగా చెవులు విచ్చుకున్నాయి. ఒకరోజు చెప్పా. 'ఇయ్యాళ నందిగామలో బస్సెక్కానా, కంచికచర్ల దాటానా, చిల్లకల్లులో దిగానా...' అంటుండగానే నాలుగో తరగతి పిల్ల లేచింది. 'అబద్ధమండీ. కంచికచర్ల ఇటు రాదు. బెజవాడ వైపొస్తది. మా పిన్నిది అదే ఊరు.' నేను నవ్వేలోపు ఇంకోడు లేచాడు. 'అబద్ధం కాకపోవచ్చండి. మేడం నిద్రపోయి, వేరే బస్సెక్కి, అటు పోయి, మళ్ళీ ఇటొచ్చి ఉండొచ్చు.' ఆ పిల్ల ఊరుకుంటుందా? 'అట్టా అయితే మేడం లేటుగా రావాలిగా. టైముకే వచ్చిందిగా!' వాడు తల గోక్కుని, 'డ్రైవరు స్పీడోడేమో' అన్నాడు. గంట కొట్టేదాకా ఆ బస్సుని వదల్లేదు. నా తరగతిలో పిల్లలు ఒకరి మాట ఒకరు విని జవాబు చెప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. సంతోషంతో నాకు ఆటోలో కూడా నవ్వాగలేదు. పక్కన కూర్చున్నాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

అయితే ఈ విద్య బళ్ళోనే ఉంటే బాగుండేది. గేటు దాటి ఊళ్ళో పడింది.

ఒక తండ్రి మూడో తరగతి కొడుకుని వెంటబెట్టుకుని బస్సెక్కి, కండక్టర్‌తో 'పిల్లోడికి ఇంకా ఐదు నిండలేదండి' అన్నాడంట. ఈ మహానుభావుడు నడుస్తున్న బస్సులో లేచి నిలబడి, చేతులు కట్టుకుని, 'అబద్ధమండీ. నేను మూడో తరగతి. ఎక్కాలు కూడా వచ్చు' అని రెండో ఎక్కం మొదలెట్టాడంట. ఇంకో ఇంట్లో చుట్టాలొస్తే ఇల్లాలు ఎదురెళ్ళి 'మీరొస్తే ఇంటికి కళొచ్చింది వదినా' అంది. లోపల్నుంచి కూతురొచ్చి చేతులు కట్టుకుంది. 'అబద్ధమండీ. ఇప్పుడే తగలడాలా వీళ్ళు అనిందండి మా అమ్మ.' ఆ వదిన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయిందంట. ఇంకో పిల్లాడి నానమ్మ పాలమ్ముతుంది. ఆ సంగతి నేను రాయను, ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

ఆఖరికి మా హెచ్చెమ్ గారి దాకా వచ్చింది. ప్రార్థనలో ఆయన గొంతు సవరించుకుని, 'క్రమశిక్షణ అంటే నన్ను చూసి నేర్చుకోండి. తొమ్మిదయ్యేసరికి నేను బళ్ళో ఉంటా' అన్నారు. ఐదో తరగతి వరుసలోంచి ఒకడు వినయంగా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒరేయ్ వద్దురా అని కళ్ళతోనే సైగ చేశా. వాడు నా సైగ చూసి ధైర్యం చెబుతున్నాననుకున్నాడు.

'అబద్ధమండీ. నిన్న మీరొచ్చేసరికి మాకు లెక్కల క్లాసు అయిపోయింది సార్.'

ఆ సాయంత్రం హెచ్చెమ్ గారు నన్ను పిలిచారు. 'మేడం, పిల్లలకి మాట్లాడటం నేర్పమన్నారు గవర్నమెంటోళ్ళు. నిజమే. నా గురించి మాట్లాడమన్నారా?' అన్నారు. నేను తల దించుకున్నా. నవ్వు కనపడకుండా ఉండాలంటే అంతకన్నా వేరే దారి లేదు.

ఇంత సందడిలోనే ఒక సంగతి బయటపడింది. అక్కణ్ణుంచి నా నవ్వు తగ్గింది.

మూడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతి. ముందు పన్ను ఊడి కొత్తది సగం వచ్చింది. రాత ముత్యాలు పేర్చినట్టుంటుంది. అందరూ చెయ్యెత్తుతుంటే ఆ పిల్ల ఎత్తదు. సరే, బిడియమేమోలే అనుకుని ఒకరోజు నేనే అడిగా, 'నువ్వు చెప్పమ్మా' అని. లేచి నిలబడింది. నోరు విప్పలేదు. 'ఫర్లేదు, చెప్పు' అన్నా. పలకలేదు.

పక్కనున్న పిల్ల తీరిగ్గా చెప్పింది. 'తను బళ్ళో మాట్లాడదు మేడం.'

'మాట్లాడకపోవడమేంటే? రోజూ అర్థమైందండీ అంటుందిగా?'

'నోరు కదుపుతుందంతే మేడం. సౌండు మాది.'

ఒకటో తరగతినుంచీ ఇంతేనంట. మా బృందగానంలో ఆ పిల్ల పెదాలు కదిపింది, మేము గొంతు విన్నామనుకున్నాం. 'చాలా చురుకైన పిల్ల మేడం' అని హెచ్చెమ్ గారే నాకు అప్పజెప్పారు. అందరినీ ఒక్కొక్కళ్ళుగా నిలబెట్టేసరికి ఆ పిల్ల ఒంటరిగా దొరికిపోయింది. గేటు దాటితే మాత్రం ఆపే దిక్కులేదంట, ఇంటిదాకా వాగుతూనే ఉంటదంట. మరి ఎందుకు మాట్లాడదు అంటే ఎవరికీ తెలియదు. అప్పటికీ ఇప్పటికీ నాకూ తెలియదు.

వినడంలో మాత్రం ఆ పిల్లని కొట్టేవాళ్ళు లేరు. నేను అబద్ధం ఆడీ ఆడకముందే ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. మిగతావాళ్ళు ఇంకా ఆవలిస్తూ ఉండేవాళ్ళు. నేనిక బోర్డు చూడటం మానేసి ఆ కనుబొమ్మనే చూసేదాన్ని. కనుబొమ్మ లేస్తే నేను ఓడినట్టే, మా ఇద్దరికీ తెలుసు.

హెచ్చెమ్ గారు మంచి మనసుతోనే ఆ పిల్ల తండ్రి చెవిలో వేశారు. ఆయన లారీ డ్రైవరు, సిమెంటు లోడు తోలతాడు. ఇంటికొచ్చేది ఎప్పుడో, ఉండేది ఎంతసేపో. ఒక మధ్యాహ్నం నేరుగా బడికే వచ్చేశాడు. భారీ మనిషి, కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి.

'ఇంట్లో గడగడా మాట్లాడుద్ది మేడం. ఇక్కడ మాట్లాడదంటే ఇక్కడ భయం లేదన్నమాట. బెజవాడ దగ్గర హాస్టలుంది, మా అక్క కొడుకు అక్కడే చదివాడు. వాళ్ళు చెట్టుకి కట్టేసైనా మాట్లాడిస్తారు.'

'అయ్యో, ఎనిమిదేళ్ళ పిల్లండీ!' అన్నా.

'అందుకేనండి. ఇప్పుడే దారిలో పెట్టాలి. బళ్ళో పెట్టే తల్లిదండ్రుల మీటింగుకి వస్తా. ఆ రోజుకి మీ దగ్గర నోరిప్పిందా, ఇక్కడే ఉంచుతా. లేదంటే దసరా సెలవుల తర్వాత హాస్టలే.' అనేసి వెళ్ళిపోయాడు. ఆయన గొంతులో కోపం లేదు. బెంగ ఉంది. బెంగ పడ్డ తండ్రికి నచ్చజెప్పడం మరీ కష్టం.

మర్నాడు నేను ఆటో దిగేసరికి ఆ పిల్ల తల్లి రోడ్డు మీదే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

'మేడం, అది నా కొంగు పట్టుకుంటే గానీ నిద్రపోదు. ఒక్క మాటండి. మీటింగులోపు ఒక్క మాట మాట్లాడించండి. ఆయన మాటంటే మాటే, నా మాట వినడు.'

'చూస్తానమ్మా, నువ్వు దిగులుపడకు' అన్నా. లోపల మాత్రం నన్ను నేనే తిట్టుకున్నా. నా సరదాకి ఆట పెట్టా. దానివల్లే ఈ పిల్ల దొరికిపోయింది. పెదాలు కదుపుకుంటూ హాయిగా ఉండేది కదా!

ఆ రోజునుంచి నా అబద్ధాలకి అదుపు లేదు. అన్నీ ఆ పిల్ల మీదే. 'ఈ పిల్ల రోజూ బళ్ళో పెట్టే గుడ్డు పక్కింటి పిల్లికి పెడుతుంది' అన్నా. కనుబొమ్మ లేచింది. నోరు లేవలేదు. 'వీళ్ళ నాన్న లారీకి చక్రాలు లేవు, జనం తోసుకుంటూ పోతారు' అన్నా. రెండు కనుబొమ్మలూ లేచాయి. తరగతి తరగతంతా ఉడికిపోతోంది మేం చెప్తాం మేం చెప్తామని. నేను అందర్నీ నోరు మూయించి, చేతులు కట్టుకుని, ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డా. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బతిమాలుతున్నట్టు చూసింది.

ఛీ, అనుకున్నా. ఆ హాస్టలు వాళ్ళకీ నాకూ ఏంటి తేడా? వాళ్ళ చేతిలో బెత్తం ఉంది, నా చేతిలో లేదు. 'సరేలే తల్లీ, కూర్చో. మా ఇంటి దగ్గర చెట్టుకి జామకాయలు కాశాయి, రేపు తెస్తా' అన్నా. కనుబొమ్మ కదల్లేదు. అది నిజం, నిజంగానే తెచ్చా. అంతటితో ఆ పిల్లని నిలబెట్టడం మానేశా. మీటింగు మాత్రం దగ్గరపడిపోయింది.

ఆ రోజు బడి ముందు షామియానా వేశారు. ఐదో తరగతి ఆడపిల్లలు ముగ్గులు పెట్టారు. పెద్దలకి ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లలకి ముందు పట్టాలు. హెచ్చెమ్ గారు మైకు పట్టుకుని బడి గొప్పలు చెబుతున్నారు, ఈసారి టైము సంగతి ఎత్తకుండా. ఆయన ముగించి 'ఎవరైనా ఏమైనా అడగొచ్చు' అన్నారు. వెనక వరుసలోంచి లారీ డ్రైవరు లేచాడు.

'మేడం గార్ని ఒకటే అడుగుతానండి. మా పాప మీ క్లాసులో ఒక్కసారన్నా మాట్లాడిందా?'

ఊరంతా నా వైపు తిరిగింది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తోంది. ఆ పిల్ల పట్టా మీద తల వంచుకుని కూర్చుని ఉంది. నిజం చెప్తే హాస్టలు. అంతే.

నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. 'భలేవారే! మాట్లాడకపోవడమేంటండీ. మొన్న శుక్రవారం లేచి సొంతంగా కథ అల్లి చెప్పింది. మీ ఇంట్లో కోడి ఒకటి లారీ ఎక్కేసి, కోదాడ దాకా పోయి, మళ్ళీ మీతో పాటే తిరిగొచ్చిందంట. పిల్లలంతా కడుపులు పట్టుకుని నవ్వారు. ఎంత బాగా చెప్పిందో!'

అబ్బో, ఎంత నున్నగా వచ్చిందో! ఇన్నాళ్ళ సాధన మరి. తండ్రి మొహం విచ్చుకుంది. తల్లి కళ్ళు మూసుకుంది. హెచ్చెమ్ గారు కూడా నమ్మి తల ఊపారు. నా తరగతి పిల్లలు మాత్రం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. లేవకండిరా బాబూ, ఈ ఒక్కదానికీ లేవకండి అని మనసులోనే దణ్ణం పెట్టుకున్నా. ఎవరూ లేవలేదు. పెద్దవాళ్ళైపోయారు నా బంగారు తండ్రులు, ఎక్కడ ఊరుకోవాలో తెలుసుకున్నారు అని మురిసిపోయా.

లేచింది ఆ పిల్ల.

చేతులు కట్టుకుంది. గొంతు సన్నగా ఉంది, కాస్త బొంగురుగా ఉంది. నేను వినడం అదే మొదటిసారి.

'అబద్ధమండీ. నేను మాట్లాడలేదు.'

తండ్రి నిలబడినవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఆ పిల్లకి మాత్రం అబద్ధాన్ని సగంలో వదిలేసే అలవాటు లేదు.

'మా ఇంట్లో కోడి లేదు. మేక ఉంది. మా నాన్న లారీ కోదాడ పోదు, గుంటూరు పోద్ది. శుక్రవారం మేడం బడికే రాలేదు, సెలవు పెట్టింది.'

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, నవ్వులే నవ్వులు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. తల్లి ఎప్పుడు లేచిందో, కుర్చీ పట్టుకుని సంతోషంతో ఊగిపోతోంది. తండ్రికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

'అయితే మేడం గారు అబద్ధం చెప్పిందా?' అన్నాడు, కూతుర్నే చూస్తూ.

'మా మేడం రోజూ చెప్పుద్ది నాన్నా. మేం పట్టుకోవాలి.'

నవ్వులు ఇంకా పెరిగాయి. ఎదురింటి పెద్దావిడ తన అరుగు మీంచే 'ఇయ్యాళ చదువు బానే ఉందే!' అని కేకేసింది. అయినా ఆ పిల్ల కూర్చోలేదు. నేనింకేం అబద్ధాలాడానా అని గుర్తుచేసుకుంటున్నా, హడలిపోయి. ఆ పిల్ల నన్ను చూడటం లేదు.

'నేను హాస్టలుకి పోను నాన్నా.'

'ఇంట్లో ఇంత వాగుతావు కదే, ఈ మాట నాకు ఇంట్లో చెప్పొచ్చుగా?' అన్నాడు తండ్రి.

'చెప్పా నాన్నా. నువ్వు పడుకున్నప్పుడు చెప్పా. లేపితే నీకు తలనొప్పొస్తదని అమ్మ లేపొద్దంది.'

ఆయన కుర్చీలన్నీ జరుపుకుంటూ ముందుకొచ్చాడు. అంత మనిషీ పిల్లల పట్టా మీద మఠం వేసుకుని కూర్చుని, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

'మళ్ళీ చెప్పమ్మా' అన్నాడు. 'ఇప్పుడు మెలకువగానే ఉన్నా.'